వీపు వెనక గంట

రష్యా ఖైదీల దీవి సఖాలిన్‌ను పొగమంచు కమ్మితే అక్కడి దీపస్తంభం గుడ్డిదైపోయేది. ఇక ఓడలకు గంటే దిక్కు. మంచు విడిచేదాకా ఆ గంట తాడు లాగడం ఖైదీ లుకేరియా పని.

రోజూ తన్నే మొగుణ్ని గొడ్డలితో నరికిందని ఆమెను ఈ దీవికి తోలారు. ఓడ దిగిన నాడే, ఆవును అప్పగించినట్టు, యెఫీమ్ అనే మరో ఖైదీకి పెళ్లాంగా అప్పగించారు. సర్కారు వేసిన ఆ ముడిని ఇద్దరూ అసహ్యించుకున్నారు. ఎండుచేపా, నల్లరొట్టే పంచుకు తినగా తినగా ఒకరికొకరు మనుషులయ్యారు.

శిక్ష తీరినా యెఫీమ్‌ను ఇంటికి పోనివ్వలేదు. దీవిలోనే చావాలట! అందుకే ఆ మధ్యాహ్నం మంచు దిగగానే దుంగల తెప్ప నీళ్లలోకి తోశాడు.

"నువ్వూ రావే లూషా" అని లుకేరియాను ముద్దుపేరుతో పిలిచాడు.

"మరి గంటెవడు కొడతాడు, మీ తాతా? చప్పుడు వీపు వెనకే పెట్టుకుని తెడ్డెయ్యి. మొహం ఇటు తిప్పావో, నేనే ముంచేస్తా!"

అతను నవ్వుతూనే మంచులో కలిసిపోయాడు. ఆమె తాడు అందుకుంది.

కాసేపటికి జైలు కాపలాదారు తెరెంతీ రొప్పుతూ వచ్చాడు.

"ఆపవే! ఎవడో పారిపోయాడు. గంట ఆగితే దిక్కు తెలీక తిరిగి తిరిగి మన ఒడ్డుకే వస్తాడు."

దీవిలో అదే పద్ధతి. ఓడలకు దారి చూపే గంటను పారిపోయే మనిషికి మాత్రం మూగదాన్ని చేసేవారు.

"మంచులో గంట ఆపితే తోలు తీస్తానన్నది మీరే కదా, దొరా?"

"నోర్ముయ్! వసంతానికి నీ ఖైదు తీరుతుంది. చెడగొట్టుకోకు."

ఆమె తాడు వదల్లేదు. అతను కత్తి తీసి తెగ్గోశాడు. ఆమె గంట దగ్గరికి మెట్లెక్కి, నిప్పు ఎగదోసే ఇనుప కడ్డీతో గంటను బాదింది. జనం వచ్చి జుట్టు పట్టి ఈడ్చేదాకా బాదింది.

తర్వాత నిశ్శబ్దం. పేరు పెట్టి అరవాలని ప్రాణం కొట్టుకుంది. అరిస్తే ఇటు తిరుగుతాడేమోనని చెయ్యి కొరుక్కుంది.

మంచు విడిచాక సముద్రం ఖాళీగా ఉంది.

ఖైదు పెంచి, ఆమెను బొగ్గుగనుల జైలుకు బట్టలుతకడానికి పంపారు. ఆ సముద్రం మింగినవాణ్ని దీవి ఒడ్డునే కక్కుతుందని ఖైదీలందరికీ తెలుసు. ఒడ్డు నుంచి ఎవరొచ్చినా ఆమె అడిగేది:

"ఏమైనా కొట్టుకొచ్చిందా?"

"ఏం లేదక్కా."

"సరే" అని, మళ్లీ గుడ్డ పిండేది.