ఆడపడుచుల ఇళ్లలో మేడంగారి లెక్కలు

మా మేడంగారు పోయారని కొత్తపేట నుంచి ఒక కొబ్బరిరైతు ఫోన్ చేసి చెప్పారు. పరిశోధనా కేంద్రంలో ఆవిడ పక్క కుర్చీలో పనిచేసినవాణ్ణి నేను. కబురు మాత్రం ముందు రైతులకే అందింది. ఏడుపుతో పాటు అసూయా పొడుచుకొచ్చింది. ఆవిడ ఉన్నన్నాళ్లూ కుళ్లుకున్నాను, పోయాకా మానలేదు.

తొంభైల్లో మా ఇద్దరి పనీ ఒకటే. కాయలు దించే ప్రతి దింపుకీ ఏ చెట్టు ఎన్ని కాయలిస్తోందో, ఏ తెగులు పడుతోందో రైతుల చేత ఏళ్ల తరబడి రాయించడం. లెక్కలన్నీ ఆఫీసు కంప్యూటర్లో ఉండాలన్నాను నేను.

"చెట్టు వాళ్లదండి. లెక్క కూడా వాళ్లింట్లోనే ఉండనివ్వండి. కావలసినప్పుడు మనమే వెళ్లి అడుగుదాం," అన్నారావిడ. ఒకచోట పోయినా ఇంకోచోట దొరుకుతుందని, ప్రతి లెక్కకీ ఒక నకలు పై ఊళ్లో వియ్యాలవారింట్లో ఉంచమని రైతులకి చెప్పారు.

ఆ ఏడు దిగుబడి అమాంతం పెరిగిపోయింది. వియ్యాలవారు చూస్తారని అందరూ కాయలు పెంచి రాసేశారు. నాకు లోలోపల పండగే. ఆవిడ పగలబడి నవ్వి, నకళ్లు ఆడపడుచుల ఇళ్లకి మార్పించారు.

"ఆ చెట్ల కింద ఆడుకున్న పిల్లలండి. అన్నయ్యల గొప్పలు వాళ్ల దగ్గర సాగవు."

సాగలేదు కూడా. రాజోలు నుంచి పుట్టింటికొచ్చిన ఒకావిడ, "ఆ చెట్టు ఎప్పుడన్నా అన్ని కాసిందా అన్నయ్యా?" అంటూ నా ఎదుటే ఆ అంకె కొట్టేయించింది.

తరవాత వచ్చిన తుపానుకి నా కంప్యూటర్ తడిసి పాడైంది. రైతుల ఇళ్లలో తడిసిపోయిన లెక్కలు మాత్రం ఆడపడుచుల దగ్గర్నుంచి తిరిగొచ్చాయి. పై అధికారులు మెచ్చుకోడానికి వస్తే ఆవిడ, "నాదేముందండి, వాళ్లనడగండి," అని తోటల్లోకి పంపేసేవారు. ఆ మాటకి నాకు ఇంకా మండేది.

ఇప్పటికైనా లెక్కల కోసం అందరూ నా దగ్గరికి వస్తారని ఆశపడి కొత్తపేట వెళ్లాను. తోటలో దింపు జరుగుతోంది. నాకు కబురు చెప్పిన రైతు భార్య సెల్‌ఫోన్లో ఆడపడుచుకి ఒక్కో చెట్టు కాయలూ చెబుతోంది.

"మేడంగారు లేరు కదమ్మా. ఇకమీదట ఇవన్నీ నేను చూసుకుంటాను," అన్నాను.

"ఆయ్, అలాగేనండి. కానీ మేమెప్పుడూ మేడంగారి కోసం రాయలేదండి. మా చెట్లు కదండి," అంది మర్యాదగా.

మళ్లీ ఫోన్ చెవికి ఆనించి, "వదినగారూ, తరవాత చెట్టు రాసుకోండి," అంటూనే నా వైపు చెయ్యి ఊపింది.

"కాయలు పడతాయండి, తమరు కాస్త పక్కకి జరగండి."