మార్చిలో పడ్డ పింఛను సొమ్ము

డబ్బు పడిన రోజు నేను సంతోషపడ్డ మాట నిజమే. అయితే ఆ సంతోషం డబ్బుకు కాదు. ఇక తెల్లారగట్ల లేచి మిల్లుకు పోనక్కర్లేదు, అదీ నా సంతోషం.

వర్ని దారిలో ఒక రైస్ మిల్లు ఉంది. అందులో కాంటా దగ్గర నా కొలువు. వడ్ల లారీ వస్తుంది, కాంటా మీదికి ఎక్కుతుంది, నేను తూకం రాస్తాను, దిగిపోతుంది. చెప్పడానికి ఇంతే. కానీ వడ్లు దిగే రోజుల్లో పొద్దంతా నిలబడాలి. ఊక దుమ్ము గొంతులోకి పోతుంది. తేమ ఎక్కువుందని తరుగు తీసేది సేటు, తిట్లు తినేది నేను. సాయంత్రానికి మోకాళ్లు నావి కానట్టు ఉంటాయి. బోధన్‌లో బస్సు దిగి ఇంటికి నడిచేసరికి మాట్లాడే ఓపిక కూడా ఉండదు, అన్నం తిని పడుకుంటాను. ఆదివారం ఒక్కటి మనిషిలా ఉంటాను, అదీ సగం పూటే.

అంతకు ముందు బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో చేశాను. పాకం వండే చోట. పెళ్లి కాకముందు చేరి, ఫ్యాక్టరీ మూతబడే దాకా ఆ వేడిలోనే ఉన్నాను. అప్పుడు వచ్చిన గ్రాట్యుటీ వచ్చినట్టే అప్పులకు పోయింది. పింఛను ఫండులో నా పేరిట పోగైనది మాత్రం ముట్టుకోవడానికి లేదు, వయసు రావాలన్నారు. ముసలితనం కోసం నా అంత ఆశగా ఎదురుచూసినవాడు ఈ జిల్లాలో ఇంకొకడు ఉండడు.

ఆ వయసు వచ్చింది. నెలనెలా తీసుకుంటావా, మొత్తం ఒకేసారి తీసుకుంటావా అని ఫండు వాళ్లు అడిగారు. ఒకేసారే అన్నాను. తాళం వేసిన గేటు ముందు ఒకసారి నిలబడి వచ్చినవాడికి నెలనెలా అన్న మాట మీద నమ్మకం ఉండదు. మొత్తం బ్యాంకులో వేద్దాం, వడ్డీతో ఇల్లు గడుస్తుంది, నేను ఇంట్లో కూర్చుంటాను అని నా భార్యకు చెప్పాను. ఆమె బీడీలు చేస్తుంది. మా పెళ్లినాటికే చేసేది. చాట ఒళ్లో పెట్టుకుని ఆకు కత్తిరిస్తూ, మంచిదే అంది.

ఉద్యోగంలో ఉండగా ఇలాంటి సొమ్ము తీసుకుంటే జీతంతో కలిపి పన్ను వేస్తారని నాకు తెలియక కాదు. తెలుసు. అందుకే ఏడాది మారాక తీసుకుందాం, అప్పటికి మిల్లు మానేద్దాం అనుకున్నాను. అక్కడే బొక్కబోర్లా పడ్డాను. ఫ్యాక్టరీ మనుషులకు ఏడాది అంటే క్రషింగు. చలి మొదలయ్యే వేళ మొదటి బండి చెరుకు ఆడితే ఏడాది మొదలు, ఎండలు ముదరకముందు చివరి బండి అయిపోయి కూత కూస్తే ఏడాది ఆఖరు. మా బోనసు ఆ లెక్కనే, సెలవులు ఆ లెక్కనే. పిల్లల వయసులు కూడా ఫలానా క్రషింగులో పుట్టాడనే చెప్పుకునేవాళ్లం. ఫ్యాక్టరీ పోయి ఇన్నేళ్లయినా నా బుర్రలోంచి ఆ లెక్క పోలేదు. ఈసారి ఫిబ్రవరికల్లా చుట్టుపక్కల చేలల్లో చెరుకు నరకడం అయిపోయింది, మిల్లులో వానాకాలం వడ్ల పని కూడా సద్దుమణిగింది. ఏడాది గడిచిపోయినట్టే అనిపించింది. కాగితాలు పెట్టేశాను. మార్చి మధ్యలో డబ్బు పడింది. సర్కారు ఏడాది మార్చి ఆఖరు దాకా సాగుతుందని పేపర్లో ఏటా చూస్తూనే ఉన్నాను. చూసి ఏం లాభం, పని చేసేటప్పుడు గుర్తుకు రావాలి కదా.

సంగతి చెప్పింది మిల్లు గుమాస్తా. నాకన్నా చాలా చిన్నవాడు. ఫోన్‌లో మెసేజ్ చూపిస్తే ముందు నవ్వాడు, తర్వాత తారీఖు చూసి నవ్వు ఆపేశాడు.

"గింత తొందరేముండె అన్నా? ఇంకో నెల ఆగి, కొలువు ఇడిసిపెట్టినంక తీసుకుంటే ఒక్క పైస కట్టేది లేకుండె," అన్నాడు.

నా మీద నాకే ఒళ్లు మండింది. క్రషింగ్ అయిపోయింది కదా అనుకున్నానంటే వాడికి అర్థం కాలేదు. ఆ సాయంత్రం బోధన్‌లో మా పాత షిఫ్టు వాళ్లు కూర్చునే హోటల్లో ఇదే చెప్పాను. అక్కడ ఒక్కరూ నన్ను తప్పు పట్టలేదు. చెరుకు అయిపోయాక ఇంకేం ఏడాది అన్నారు. అందరం కలిసి సర్కారును తనివితీరా తిట్టుకున్నాం. లేచేటప్పుడు చాయ్ పైసలు నాతోనే కట్టించారు, పైసలు వచ్చింది నీకే కదా అని.

ఎంత కట్టాలో తేల్చుకోవడానికి నిజామాబాద్‌లో పన్ను లెక్కలు చూసే ఒకాయన దగ్గరికి పోయాను. నా భార్య కూడా వచ్చింది. ఆమెకు బీడీ కట్టే దారం సరిగ్గా కనబడటం లేదు. ఆకు ఇచ్చి బీడీలు తీసుకునే కార్ఖానాలో కట్టలు బాగాలేవని తీసి పక్కన పడేస్తున్నారు, ఆ బీడీలకు కూలీ ఉండదు. అందుకని ముందు కళ్లద్దాల దుకాణానికి పోయి అద్దాలు తీసుకుని, తర్వాత ఆయన ఆఫీసు మెట్లెక్కాం. రెండంతస్తులు. ఆమె రెయిలింగు పట్టుకుని నడుము మీద చెయ్యి వేసుకుని ఎక్కింది. నేను నా మోకాళ్లను తిట్టుకుంటూ ఎక్కాను.

ఆయన ఓపికమంతుడే. ఫ్యాక్టరీలో గ్రాట్యుటీ తీసుకున్నారా అని అడిగాడు. తీసుకున్నానన్నాను. అయితే పింఛను మొత్తంలో మూడో వంతుకే పన్ను లేదు, మిగతా రెండొంతులు మిల్లు జీతంతో కలుస్తాయి అన్నాడు. డబ్బు పంపినప్పుడే కొంత పన్ను కోసుకున్నారట, అది తీసేశాడు. ఇంకా మిగిలింది. సరిగ్గా చూడండి సార్ అన్నాను. మళ్లీ వేశాడు, అంతే వచ్చింది. అడక్కపోయినా ఇంకో లెక్క కూడా వేసి చూపించాడు. మిల్లు మానేసి ఏప్రిల్‌లో తీసుకుని ఉంటే ఏమయ్యేదని. సున్నా అయ్యేది. ఆ సున్నా చూపించకుండా ఉంటే బాగుండేది.

కట్టాల్సింది దాదాపు మిల్లులో ఒక సీజనంతా చేస్తే వచ్చే జీతమంత. వచ్చిన సొమ్ములోంచే కట్టేస్తే వడ్డీ తగ్గుతుంది, ఇల్లు గడవదు. కాబట్టి యాసంగి వడ్లకు మళ్లీ కాంటా దగ్గర నిలబడాల్సిందే. ఎండాకాలం, రేకుల షెడ్డు కింద. తలచుకుంటేనే నీరసం వచ్చింది. ఆ కుర్చీలోనే కాసేపు కళ్లు మూసుకుందామా అనిపించింది.

ఆయన ఇంకో మాట అడిగాడు. మిగతాది బ్యాంకులో ఎవరి పేరిట వేస్తారు, ఇంట్లో ఇంకెవరికైనా సంపాదన ఉందా అని.

"ఎవ్వలకు లేదు సార్, నేనొక్కన్నే," అన్నాను.

నా భార్య నా పక్క కుర్చీలోనే ఉంది. కళ్లద్దాల డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టింది.

తిరుగు బస్సులో జనం తక్కువ. ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి ఆమెకు జీరో టికెట్టు, నాకు పైసల టికెట్టు. దాని మీద కూడా ఏదో గొణిగాను. దారి పొడుగునా నా గోడే నాది. ఈ ఒంటితో ఇంకో సీజను ఎట్లా చెయ్యాలి, దుమ్ముకు దగ్గు పట్టుకుంటే ఎవరు చూస్తారు, ఇంకొక్క సీజను, అది గడిస్తే ఆ సేటు కాళ్లు పట్టుకున్నా పోను, ఇంట్లో కూర్చుంటాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ వింది. ఎడపల్లి దాటాక ఇటు తిరిగింది.

"నీ సీజన్ ఒడుస్తది, నువ్వు కూసుంటవు. నాదెప్పుడు ఒడుస్తది?" అంది.

నాకు విసుగొచ్చింది. "నీదేమున్నది, ఇంట్ల ఉండి చేసుకునుడే గదా. చాతగాకుంటే ఆపెయ్," అన్నాను.

"ఎట్ల ఆపాలె? గా సార్ అడిగితే, ఇంట్ల ఇంకెవ్వలకు సంపాదన లేదంటివి. లేని పనిని ఎట్ల ఆపుతరు?"

కోపంగా అనలేదు. కోపానికి కూడా కొంచెం ఓపిక కావాలి, అది ఆమె గొంతులో లేదు. ఆమె మళ్లీ కిటికీ వైపు తిరిగింది.

బోధన్‌లో దిగాక, కార్ఖానా మూసేలోపు ఆకు తెచ్చుకోవాలని ఆమె అటే పోయింది. రేపటికి ఆకు లేకపోతే ఒక రోజు కూలీ పోతుంది. నేను బస్టాండు బెంచీ మీద కూర్చుని సేటుకు ఫోన్ చేశాను, యాసంగికి వస్తానన్నాను. ఫోన్ పెట్టేసి, వడ్డీతో ఇల్లు ఎట్లా గడుస్తుందో మనసులో మళ్లీ ఒకసారి లెక్క వేసుకున్నాను. కరెంటు బిల్లు ఉంది, గ్యాసు ఉంది, నా మందులు ఉన్నాయి, పాలవాడు ఉన్నాడు. బియ్యం, పప్పు, నూనె, కూరగాయలు లేవు. మర్చిపోయానా అనుకున్నాను. మర్చిపోలేదు. అవి ఏనాడూ నా జీతంతో రాలేదు, బీడీ పైసలతోనే వచ్చేవి. నేను ఇంట్లో కూర్చున్నాక కూడా ఆమె చేస్తూనే ఉంటుందని అనుకునే ఆ లెక్క వేశాను.