సన్నది గుంజుతదా?

సన్నగా ఉంటేనే అందమని నేను నమ్మిన రోజులవి. నా విషయంలో కాదు, లాప్‌టాప్ విషయంలో. (నా సన్నదనానికి మా ఇంట్లో ఏనాడూ మంచి పేరు రాలేదు. "గట్టిగ గాలొస్తే మేడ్చల్ల వడ్తవు బిడ్డా" అనేది అవ్వ.) మాది శామీర్‌పేట. కొంపల్లిలో ఇళ్ల ప్లాన్లు గీసే ఉద్యోగం అప్పుడే దొరికింది. మోజుపడి అప్పడంలాంటి లాప్‌టాప్ కొనుక్కున్నాను. బస్సులు మారలేక, ఇంటి నుంచే పని చేస్తానని మా సారును బతిమాలితే, ఆయన ఆఫీసులో ఉన్న, చిన్న గీతనూ స్పష్టంగా చూపే పెద్ద ఫైవ్ కే మానిటర్ ఇచ్చి పంపాడు. "సోమవారం ఫోన్ల సూస్త. నీ లాప్‌టాప్ దీన్ని గుంజితే ఇంట్లనే జెయ్యి. లేకుంటే రోజూ ఆఫీసుకు రావాలె" అన్నాడు. (మా వైపు గుంజడమంటే బరువును లాగగలగడం.)

ఆదివారమంతా మానిటర్ నల్లగా నా ముఖమే చూపించింది. "గింత పెద్ద అద్దమెందుకే?" అంది అవ్వ. తీరా చూస్తే నేను పెట్టింది చార్జింగ్ వైరు. బొమ్మ తెచ్చే వైరుకూ దానికీ మూతి ఒకటే, గుణం వేరు. సోమవారం పొద్దున అసలు వైరు పెడితే బొమ్మ వచ్చింది కానీ, ప్లాను కాస్త జరిపితే చాలు, బాణం గుర్తు కునుకు తీసి కదిలేది. లాప్‌టాప్ లోపలి ఫ్యాన్ మిక్సీలా మోత పెట్టింది. సరిగ్గా అప్పుడే సారు వీడియో కాల్ చేశాడు.

"బొమ్మ వచ్చింది సార్" అన్నాను బింకంగా.

"వస్తే వచ్చింది గని, నాకు నమ్మకం లేదమ్మా. మరీ సన్నగున్నది. గంత పని గుంజుతదా? నాలుగు రోజులకే కూలవడ్తది. జర మందందాన్ని సూస్కోవాలె."

సల్ల గ్లాసుతో గుమ్మంలోకి వచ్చిన అవ్వ చెవిన పడ్డది ఈ ముక్కే.

"ఏంది సారూ! సన్నగుంటే ఏమాయె? బోరింగు కాడికెళ్లి రెండు బిందెలు ఒక్కతాపకే మోసుకొస్తది. జొరమొచ్చినా పోయి పరీక్ష రాసింది. అది గుంజుతది! మందందే గావాలంటే వేరేటోళ్లను సూస్కో!"

(ఆ రెండు బిందెలు మోసింది ఏనాడైనా అవ్వే. నాకు ఒక్కటే బరువు.)

"అవ్వా, లాప్‌టాప్ గురించే!" అని ఆమె నోరు మూయబోతే, గ్లాసులో మజ్జిగంతా నా ఒళ్లో ఒలికింది. సారు ఫోను కదిలేట్టు నవ్వి, "అవ్వ గుంజుతదని జెప్పినంక ఇగ నేనేమంట? మానిటర్ సెట్టింగ్ జర తగ్గించుకొని ఇంట్లనే జెయ్యి" అన్నాడు. తగ్గించాను. ఫ్యాన్ మోత ఆగింది. అవ్వ మాత్రం సాయంత్రం దాకా, "మా పిల్లనంటడా" అని గొణుగుతూనే ఉంది.

ఇప్పుడు నాది మందపాటి లాప్‌టాప్. నేనూ దానికి తగ్గట్టే ఉన్నాను. సన్నబడింది అవ్వ. పెద్ద పనేదైనా వచ్చి వెనకాడినప్పుడల్లా, "అది గుంజుతది" అన్న ఆమె గొంతే చెవిలో పడుతుంది. ఆ రోజు సిగ్గుతో అవ్వ నోరు మూయబోయిన ఆ సన్నపిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. ఇప్పుడైతే ఆ మాట ఇంకోసారి చెప్పించుకునేదాన్ని.