నీలం ముసుగులో పెళ్లికొడుకు

ఆడపిల్ల చేతి కల్లు తాగినవాడు మొగుడా, దొంగా?

జవాబుకు తొందరపడకండి. ఉమువాబో ఊరి పెద్దలు పదకొండుమంది, తల నెరిసినవాళ్లే, ఈ ప్రశ్న మీద రెండుసార్లు సభ చేసి, రెండుసార్లూ తాంబూలంలా పంచే కోలా కాయలు నమిలి లేచిపోయారు. దాన్ని తేల్చగల మనిషి వాళ్లలో లేడు. ఎనుగు పట్నంలో, ఫోటోస్టాట్ దుకాణం పైగదిలో, కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. అతని పేరు మదుకా.

మదుకాకు ముప్ఫై ఎనిమిదేళ్లు. పెళ్లి కాలేదు. జనం ఇళ్లలో డిస్కులు పెట్టుకుని చూసే వీడియో సినిమాలకు మాయలు చేయడం అతని వృత్తి. అరచేతిలోంచి మెరుపు రావాలన్నా, ముసలమ్మ డేగ కావాలన్నా, నదిలోంచి రాణి లేచి రావాలన్నా ఆ గది మెట్లు ఎక్కవలసిందే. మెరుపులు అతని దగ్గర రెండు రకాలుండేవి: దేవుడి మెరుపు తెలుపు, మంత్రగాడి మెరుపు ఎరుపు. ఒకసారి తొందరలో అవి తారుమారై పాస్టరుగారి చేతిలోంచి ఎర్రమెరుపు దూసుకొచ్చింది. అతను పనిచేసిన సినిమాలన్నిటిలోకీ బాగా అమ్ముడుపోయినది అదే.

సినిమా చివర పేర్లు వేస్తారు. వంటమనిషి పేరు ఉండేది. జనరేటర్ అద్దెకిచ్చినవాడి పేరు ఉండేది. మదుకా పేరు ఉండవలసిన చోట ‘మాయలు: కంప్యూటర్’ అని ఉండేది. ఆ అక్షరాలు టైపు చేసేది కూడా మదుకాయే.

కిందటి ఏడు జనవరిలో డైరెక్టర్ ఫెస్టస్ ఒక ప్రేమకథ మొదలుపెట్టాడు. నదీదేవుడి కొడుక్కూ మనుషుల పిల్లకూ ప్రేమ, ఆపైన పెళ్లి. దేవుడి కొడుకు కనబడడు గనుక ఆ వేషానికి నటుణ్ణి పెట్టనక్కరలేదని ఫెస్టస్ సంతోషించాడు. పిల్ల వేషం ఉజోమాకాకు ఇచ్చారు. ఆమె బడిలో టీచరు. అంతకుముందు రెండు సినిమాల్లో పనిమనిషిగా తలుపులు తీసింది. మా ఊళ్లోనే తీసుకోండి, ఎవరూ అడ్డు చెప్పరు అని ఆమె అన్నప్పుడు ఫెస్టస్ ఇంకా సంతోషించాడు. ఊరి పెద్దలు తమ వేషాలు తామే వేశారు, తమ బట్టలతో, తమ కుర్చీల్లో. తండ్రి లేని ఉజోమాకాకు, ఆ వంశంలోకెల్లా పెద్దవాడైన పెదనాన్న ఒజోయెమెనా తండ్రి స్థానంలో కూర్చున్నాడు.

పొరపాటు అక్కడే జరిగింది. కోలా కాయ పగలగొట్టే ముందు ప్రార్థించినట్టు పెదవులు కదిపితే చాలని ఫెస్టస్ చెప్పాడు. ముసలాయన ఒప్పుకోలేదు.

“నటించడం నాకు చేతనవునయ్యా, కోలా కాయకే చేతకాదు,” అన్నాడు.

పూర్వీకులను పేరుపేరునా పిలిచి, పిల్ల పెళ్లిని దీవించి, కాయ పగలగొట్టి పంచాడు. ఆ తర్వాత ఉజోమాకా సొరబుర్ర నిండా కల్లు పట్టుకుని, తల వంచుకుని, జనం మధ్య వరుణ్ణి వెదికి, మోకరిల్లి, తాను ఒక గుక్క తాగి, బుర్రను గాలికి అందించింది. మా వైపు పెళ్లంటే ఇదే. ఉంగరాలూ సంతకాలూ పట్నవాసపు ముచ్చట్లు.

ఇక గాలి కల్లు తాగాలి. బడి యూనిఫాంలకు కొనగా మిగిలిన పలుచని నీలం గుడ్డతో టైలరు ఒక ముసుగు కుట్టాడు, తల నుంచి పాదాల దాకా, నోటి దగ్గర మాత్రం ఒక చీలిక. నీలంగా ఉన్న దాన్నల్లా కంప్యూటర్ తీసేస్తుంది. ఆ చోట ముందే తీసిపెట్టుకున్న ఖాళీ వాకిలిని అతికిస్తే బుర్ర ఒక్కటే గాలిలో తేలుతుంది. ఆకుపచ్చ గుడ్డా వాడవచ్చు. కానీ ఉమువాబోలో ఆకుపచ్చను తీసేస్తే ఊరే మిగలదు. నీలం లుంగీతో వచ్చిన ఒక పెద్దాయనకు నడుము కిందిభాగం మాయమైంది. కథలో అది కూడా ఉందనుకున్నారు గనుక ఎవరూ అడగలేదు.

ముసుగు తొడుక్కున్నది మదుకా. లోపలి నుంచి అతనికి ఆమె కనబడేది, ఆమెకు అతను కనబడేవాడు కాదు. ఆ ఘట్టం మూడుసార్లు తీశారు. మొదటిసారి మేక అరిచింది. రెండోసారి బ్యాటరీ అయిపోయింది. మూడుసార్లూ ఆమె మోకరిల్లింది, మూడుసార్లూ అతను తాగాడు. జనవరి ఎండ, ఎడారి నుంచి వచ్చే దుమ్ముగాలి, ఒళ్లంతా గుడ్డ. దాహం వేయడం న్యాయమే. మూడోసారి మాత్రం దాహం లేదు. ఆ సంగతి మదుకా ఎవరికీ చెప్పలేదు, తనకు కూడా.

ఏడాది గడిచింది. న్సుక్కాలో మందుల దుకాణం నడిపే కెలేచి అనే యువకుడు తన వాళ్లను వెంటబెట్టుకుని ఉజోమాకాను పెళ్లికి అడగడానికి వచ్చాడు. వాళ్లు తెచ్చిన కోలా కాయను ఒజోయెమెనా పక్కన పెట్టాడు. ఈ పిల్ల కల్లును నేను ఒకసారి దీవించాను, పూర్వీకులను మళ్లీ నిద్రలేపి మొన్నటిది ఉత్తుత్తిదని ఏ నోటితో చెప్పను అన్నాడు. అది సినిమా, అందులో వరుడే లేడు అని కుర్రకారు నచ్చజెప్పబోయారు.

“నాకు మతి పోయిందనుకున్నార్రా?” అన్నాడు ముసలాయన. “లేనిది మీ డిస్కులో. నా ముందు ఉన్నాడు, నీలం ముసుగేసుకుని. వాడు తాగాడా లేదా, అది చెప్పండి.”

ఫెస్టస్‌ను పిలిపించారు. బుర్రను కర్రకు కట్టి ఎత్తామని చెప్పాడు. ముసుగు మనిషి కల్లును కింద పోసేశాడని కూడా చెప్పాడు. ఒకే నేరానికి రెండు సాకులు చెప్పినవాణ్ణి ఏ సభా నమ్మదు. తాగకపోతే అంతా ఆటే. తాగి ఉంటే ఉజోమాకా ఒకసారి పెళ్లయిన మనిషి. అలాంటి కోడలు తనకు వద్దని కెలేచి తల్లి కబురు పంపింది. కెలేచి చెడ్డవాడు కాడు. తల్లి మాట దాటేవాడూ కాడు.

ఒకరోజు మధ్యాహ్నం ఉజోమాకా మదుకా గది మెట్లెక్కింది.

“నువ్వు తాగావా అన్నా?”

జనరేటర్ చప్పుడులో వినబడలేదన్నాడు మదుకా. జనరేటర్ ఆపి ఉంది.

“అసలు టేపు నీ దగ్గరే ఉంటుందిగా,” అంది ఆమె. “కల్లు నేలపాలైనట్టు చేసెయ్. ఒగుయి రోడ్డు మీద నదినే పారించినవాడివి, నీకు గుక్కెడు కల్లు ఒక పనా?”

“కెలేచి నీకు కావాలా?”

“ఆ మాట అడిగినవాడివి నువ్వొక్కడివే. పదకొండుమంది పెద్దలూ తాగినవాడెవడు, తాగినవాడెవడు అనే. ఇచ్చినదాన్ని నేను కదా. ఎవరికిచ్చావే అని ఒక్కరూ నోరు తెరవలేదు.” మెట్ల వైపు తిరిగి, “కావాలి,” అంది.

మదుకా నాలుగు రోజులు పనిచేశాడు. కల్లు ముసుగు అంచు వెంబడి సన్నని ధారగా జారి, దుమ్ములో పడి, నేలను నల్లబరిచింది. చీమలు చేరాయి. చీమలను ఎవరూ అడగలేదు. పని నచ్చి తనే పెట్టాడు. పన్నెండుసార్లు చూసుకున్నాడు. ఎక్కడా లోపం లేదు. అతనికి నచ్చనిది అదే. అంతవరకూ అతను చేసిన అబద్ధాలన్నీ సినిమా అన్న పేరుతో బజారులోకి వెళ్లాయి. ఈ ఒక్కటే నిజం అన్న పేరుతో సభలోకి వెళ్లబోతోంది.

మూడో సభకు టీవీ తెచ్చారు, జనరేటర్ తెచ్చారు. కెలేచి తరఫువాళ్లు ఎదురుగా కూర్చున్నారు. మదుకా టేపు పెట్టబోతుంటే ఒజోయెమెనా చెయ్యెత్తి ఆపాడు.

“పెట్టె మాట తర్వాత. ముసుగులో ఎవరు?”

“నేనే పెద్దయ్యా.”

“తాగావా?”

టేపు చేతిలోనే ఉంది. వేలితో నెడితే చాలు, చీమలతో సహా సాక్ష్యం చెబుతుంది. మదుకా దాన్ని జేబులో పెట్టుకున్నాడు.

“తాగాను.”

కెలేచి మేనమామ టోపీ కోసం చెయ్యి చాపాడు. ఫెస్టస్ తన బూట్లను పరీక్షించుకున్నాడు. ముసలాయన మాత్రం కళ్లు చిట్లించి, రుచి ఎలా ఉందని అడిగాడు.

“పుల్లగా ఉంది పెద్దయ్యా. ముందురోజుది.”

ఆ రోజు కల్లు పంపింది ఒజోయెమెనాయే, అప్పుడే చెట్టు నుంచి దించానని చెప్పి మరీ. ఇద్దరు పెద్దలు దగ్గు వచ్చినట్టు మొహాలు తిప్పుకున్నారు. మదుకా తాగాడనడానికి ఇక ఏ టేపూ అక్కరలేదు.

“అయితే నువ్వే మొగుడివి,” అన్నాడు ముసలాయన, కొంచెం కోపంగా.

“కాదు పెద్దయ్యా. చూసి ఇస్తేనే ఇచ్చినట్టు. ఆమెకు నేను కనబడలేదు. ఆమె గాలికిచ్చింది, మధ్యలో నేను పట్టుకున్నాను. దాన్ని దొంగతనం అంటారు.”

“ఎన్నిసార్లు?”

“మూడు. మొదటి రెండూ దాహానికి.”

మూడోది దేనికో అతను చెప్పలేదు. ముగ్గురు భార్యల ఒజోయెమెనా అడగలేదు. చాలాసేపు కర్రతో నేల గీసి, చివరికి ఉజోమాకా వైపు తిరిగాడు.

“నువ్వు ఎవరికిచ్చావే?”

“కెమెరాకు, పెదనాయనా.”

రెండు సభల్లో తేలనిది ఆ ఒక్క ప్రశ్నకు తేలిపోయింది. దొంగిలించిన కల్లు ఇచ్చిన కల్లు కాదని తీర్పు. జరిమానా మూడు పుంజులు, ఒక కుండ కల్లు. ఆ ఉదయం దించినదై ఉండాలని ప్రత్యేకంగా చెప్పారు. ఆచారం ప్రకారం దొంగ పేరును, తండ్రి పేరుతోనూ ఊరి పేరుతోనూ కలిపి, సభలో మూడుసార్లు పిలిచారు. పదకొండేళ్ల వృత్తిలో ఒక సినిమా సందర్భంగా మదుకా పేరు జనానికి వినబడడం అదే మొదటిసారి. లేవబోయిన కెలేచి మేనమామ టోపీని తిరిగి ఒళ్లో పెట్టుకున్నాడు.

తిరుగు బస్సులో ఫెస్టస్ దారి పొడుగునా దెప్పాడు.

“ఒక్క అబద్ధం ఆడలేకపోయావా ప్రొఫెసర్? నీ బతుకంతా చేసేది అదేగా.” బస్సు దిగేముందు, సినిమా రెండో భాగానికి ముసుగు సిద్ధం చెయ్యమన్నాడు.

ఆ వారంలో ఉజోమాకా నుంచి కబురొచ్చింది. పెళ్లి ఈస్టరు తర్వాతి శనివారం. అన్న ఈసారి కనబడేలా రావాలి.

మదుకా చీమల టేపు చెరిగిపోయేలా దాని మీద మరో సినిమా తాలూకు మెరుపులు ఎక్కించాడు. నీలం ముసుగును పెట్టెలోంచి తీసి, ఉతికి, దాన్ని కుట్టిన టైలరుకే ఇచ్చాడు. దానితో పొడుగు చేతుల చొక్కా కుట్టించుకోవాలని, అది తొడుక్కుని పెళ్లికి వెళ్లాలని, ముందువరసలో కూర్చోవాలని, కల్లుబుర్ర తన దాకా వస్తే ఎంత దాహంగా ఉన్నా పక్కవాడికి అందించాలని నిర్ణయించుకున్నాడు.