సందులో ఇంకో మిషను

నా చెల్లెలంటే నాకు కుళ్ళు. దాచేదేముంది, మా వాళ్ళందరికీ తెలిసిందే. ప్రొద్దుటూరు టైలర్ల సందులో ఇరవై ఏండ్లుగా జాకెట్లు కుడతాండా. దానికి మిషను తొక్కేది నేర్పించింది కూడా నేనే. జమ్మలమడుగుకు దాన్నిచ్చినాం. మొగునికి పని సరిగ్గా లేక, అది బహ్రెయిన్‌లో బట్టలు కుట్టే అంగడికి పనికి పోయింది. నాకూ పోవాలనే ఉండె. పాస్‌పోర్టు కూడా తీసుకున్నా. అంతలో మా అత్త మంచాన పడింది, ఆగిపోయినా.

ఫోన్ చేస్తే చాలు, ఆ ఊరి ముచ్చట్లే. "శానా చిన్న దీవి అక్కా. మన ప్రొద్దుటూరు నుంచి పులివెందులకు పోయేంత కూడా ఉండదు. జనం ఎక్కువై, సముద్రంలో మన్ను పోసి ఇండ్లు కడతాండారు. యాడ చూసినా పని కోసం వచ్చిన మనలాంటోళ్ళే." నేను ఊ కొడతాంటి. లోపల కడుపు మండిపోతాండె. అది పంపిన సెంటు సీసా మూత కూడా తియ్యలే. సెలవులకొచ్చినప్పుడు పక్కింటామె దాని గాజులు తిప్పి తిప్పి చూస్తాంటే, నేను నా చేతులు కొంగు కింద పెట్టుకున్నా.

పోయినేడాది ఫోన్లో దాని గొంతు మారిపోయింది. "పనులన్నీ బయటోళ్ళే చేస్తే మా పిల్లోళ్ళ గతేందని ఈడోళ్ళు అంటాండారక్కా. మా అంగట్లో ఇంక ఈ ఊరోళ్ళనే పెట్టుకుంటారంట. నా వీసా కాగితాలు మళ్ళీ రాయించరంట."

"అయ్యో పాపం" అన్నా. దేవుని సాక్షిగా చెప్తాండా, ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నా.

వచ్చేసింది. ఇద్దరు పిల్లోళ్ళ సదువు దాని చేతి మీదే నడవాల. జమ్మలమడుగులో అంత పని దొరకదని, మా సందు మొదట్లో ఖాళీగా ఉన్న గది మాట్లాడుకుంది.

మా సందులో ఒక పద్ధతుండాది. కొత్తగా మిషను పెట్టేవాళ్ళు శుక్రవారం పొద్దున కుంకుమ భరిణె పట్టుకుని అంగడి అంగడికీ వస్తారు. మేం ఆ కుంకుమతో మా మిషను చక్రానికి బొట్టు పెడితే సరే అన్నట్టు. పెద్దదాన్నని మొదట నా దగ్గరికే వస్తారు; నేను పెడితేనే మిగతావాళ్ళూ పెడతారు. ఇన్నేండ్లలో ఎవురికీ కాదనలే.

అది వచ్చి భరిణె ముందుకు చాపింది. తను కుట్టుకున్న జాకెట్టే వేసుకుని వచ్చింది. మెడ దగ్గర ఆ కుట్టు చూసినా. ఏం పనితనం! కొలత జాకెట్టు కూడా అడక్కుండా నేరుగా గుడ్డ మీద కత్తెర పెడతాదంట. ఇంక నా అంగడి మెట్లు ఎవరెక్కుతారు అనిపించింది.

"సందు నిండిపోయింది మే" అన్నా. "ఉండే పని ఉండేవాళ్ళకే చాల్లేదు. ఇంకొకరొస్తే మేమేం తినాల?"

పెండ్లిళ్ళ కాలం. కుట్టాల్సిన జాకెట్లు నా వెనకాల గోడెత్తున పడుండాయి. అది వాటినీ చూసింది, నన్నూ చూసింది. అరుగుల మీద నిలబడి చూస్తాండే మిగతావాళ్ళు నా చక్రానికి బొట్టు పడలేదని, ఒక్కొక్కరే లోపలికి పోయినారు.

అది ఏడుస్తాదనుకున్నా. ఏడవలే. నెమ్మదిగా భరిణె మూత పెట్టుకుంది.

"ఆ దీవిలో కూడా ఇదే మాటన్నారక్కా" అనింది. "వాళ్ళకు నేనేమీ కాను. అయినా మూడు నెల్లు టైమిచ్చినారు."