ఎనిమిది తలకాయలు, ఒక పిడుగన్న

ఆ రోజుల్లో నాకు నోరు లేదని కాదు, ఉన్న నోటినంతా డైరీలో దాచుకునేదాన్ని. ఎవరైనా ఒక మాటంటే అప్పటికి తల వంచుకుని ఊరుకుని, ఇంటికెళ్ళాక రెండు పేజీల జవాబు రాసేదాన్ని. ఆ జవాబులు చాలా బాగుండేవి (ఇప్పుడు చదివినా బాగానే ఉన్నాయి), కానీ వినాల్సినవాళ్ళు ఒక్కరూ వినలేదు. కర్నూలు నుంచి కల్లూరులోని మా ఇంటికి షేర్ ఆటోలో వచ్చేటప్పుడు, మా వీధి మలుపు దగ్గర "ఆపండి" అనడానికి కూడా గొంతు పెగిలేది కాదు. ఇంకెవరైనా దిగేదాకా కూర్చుని, వాళ్ళతో పాటు దిగి, ఎండలో వెనక్కి నడిచి వచ్చేదాన్ని. మా అమ్మ మాత్రం కూతురు ఆరోగ్యం కోసం నడుస్తోందని చుట్టుపక్కలవాళ్ళకు గొప్పగా చెప్పుకునేది.

డిగ్రీ అయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోవడమెందుకని కర్నూల్లో ఒక ఫ్లెక్సీల షాపులో డిజైన్లు చేసే పనికి కుదిరాను. కంప్యూటర్ ముందు కూర్చుని చేసే పని కాబట్టి ఎవరితోనూ మాట్లాడాల్సిన అవసరం ఉండదని నా ఆశ. షాపు ఓనరును ఊరంతా చాచా అనేవాళ్ళు, నేనూ అలాగే పిలిచేదాన్ని. మొదటి రోజే ఆయన నాకు ఈ వృత్తి రహస్యం చెప్పేశాడు. "బేటీ, ఫ్లెక్సీ అంటే మొదట తలకాయలు. మిగిలిన జాగాలో విషయం. పెండ్లి గానీ, పుట్టినరోజు గానీ, కొత్త బట్టల షాపు గానీ, పైన గుండ్రంగా ఎనిమిది మంది నాయకుల తలకాయలు ఉండాల్సిందే. పెద్దాయన తలకాయ పెద్దది, చిన్నాయనది చిన్నది. ఒకటి తగ్గినా, ఒకటి పక్కకు జరిగినా వాళ్ళ మనుషులు వచ్చి మన తలకాయలు తింటారు." అందుకని ఆ ఎనిమిది తలకాయల వరుసను కంప్యూటర్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంచేవాళ్ళం. ఒక్కసారి నొక్కితే చాలు, ఎలాంటి ఫ్లెక్సీ మీదికైనా అందరూ చేతులు జోడించుకుని వచ్చి వాలిపోయేవాళ్ళు. కొన్ని నెలలకు నా వేలు నన్ను అడగడం కూడా మానేసింది. ఏ డిజైనైనా మిషనుకు పంపే ముందు దానంతటదే వెళ్ళి ఆ మీట నొక్కేది. ఒక పళ్ళ డాక్టరు ఫ్లెక్సీ మీద కూడా ఎనిమిది మంది నాయకులూ నవ్వుతూ నిలబడ్డారు (అక్కడ మాత్రం ఆ నవ్వులకు కొంచెం అర్థం ఉండేది).

అలాంటి షాపులోకి ఒక రోజు పిడుగన్న వచ్చాడు. ఆ పేరు ఆయన తనకు తాను పెట్టుకున్నదే. సొంతూరు నందికొట్కూరు. గిటారు పట్టుకుని హైదరాబాదు పోయి, తొమ్మిదేళ్ళు రాక్ పాటలు పాడి, అక్కడ అందరితోనూ గొడవపడి తిరిగొచ్చాడు. మోకాళ్ళ దగ్గర చినిగిన ప్యాంటు, భుజాల దాకా జుట్టు, చేతికి నాలుగు ఇనుప కడియాలు. చాచా ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసి, "ఏమప్పా, ప్యాంటు కుట్టించుకోవాలంటే పక్క షాపు," అన్నాడు. పిడుగన్న నవ్వలేదు. కల్లూరు రోడ్డు పక్కనున్న మైదానంలో వచ్చే ఆదివారం సాయంత్రం తన పాటల కార్యక్రమమనీ, వేదిక వెనక కట్టే పెద్ద ఫ్లెక్సీ కావాలనీ చెప్పి, నా పక్కన ప్లాస్టిక్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మూడు రోజులు లేవలేదు.

ఆ మూడు రోజులు నేను విన్నంత రాజకీయం అంతకుముందు ఎన్నికలప్పుడు కూడా వినలేదు. "పాపా, ఈ నాయకులకు పాటంటే ఏందనుకుంటాండావు? జీపుకు మైకు కట్టి తిప్పేది. నన్ను పాడమన్యారు. మూడు పార్టీలోళ్ళు పిలిచినారు. ట్యూను ఒకటే, పేరు మార్చి పాడితే సాలంట! నేను పాడలా. ముగ్గురూ నన్ను అవతలి పార్టీవోడు అనుకున్యారు." నేను "ఊ" అన్నాను. అక్కడి నుంచి సంగీత వ్యాపారం మీద పడ్డాడు. "టీవీలో గిటారు పట్టుకుని ఎగిరేటోడు నిజంగా వాయిస్తాండాడనుకుంటాండావా? దానికి వైరే ఉండదు పాపా! పాట వెనక నుంచి వస్తాంటాది, వీడు ఊరికే గీకుతాంటాడు. అట్ల గీకను అంటే నాకు పొగరంట." మరోసారి గొంతు తగ్గించి, "నా పాటుండాది. మా అమ్మ మీద రాసినా. ఒక కంపెనీవోడు కాగితం పెట్టినాడు, సంతకం పెట్టినా. ఇప్పుడు నేను ఫోన్లో పాడి పెడితే, ఇది నీ పాట కాదు తీసెయ్ అని నాకే నోటీసు పంపినారు. నేను పుట్టిచ్చిన పాటను నేను పాడితే దొంగతనమంట, శానా బాగుండాది గదా న్యాయం?" అన్నాడు. ఆ ఒక్క మాట దగ్గర మాత్రం నా చేయి ఆగింది. ఏదైనా అనాలనిపించింది. కానీ అప్పటికే ఆయన మున్సిపాలిటీ మురుగుకాలవల మీదికి వెళ్ళిపోయాడు.

వినడం వరకైతే సహించేదాన్నేమో. ఈ అభిప్రాయాలన్నీ ఫ్లెక్సీ మీద పెట్టమన్నాడు. అక్షరాలు పెద్దగా ఉండాలి, ఒక్క మాటా తగ్గకూడదు, తన బొమ్మ మధ్యలో నిలువెత్తుగా ఉండాలి. పెన్‌డ్రైవ్ నిండా తన ఫోటోలే తెచ్చాడు. అరుస్తున్నవి, కళ్ళు మూసుకున్నవి, వెనక్కి తిరిగి జుట్టు మాత్రమే కనిపించేవి. "అన్నా, ఇన్ని మాటలు పట్టవు," అని నేను అన్నాననుకున్నాను, అది డైరీలో అన్నానని తర్వాత తెలిసింది. "ఈ రోజు పిడుగన్న పద్నాలుగు వాక్యాలు చెప్పాడు. ఫ్లెక్సీలో పట్టేవి మూడు. నాలో పట్టేవి అంతకన్నా తక్కువ." చివరికి ఎలాగో రెండు చిన్న వాక్యాలకు ఒప్పించింది చాచానే. ఎర్రటి అక్షరాల్లో ఇలా రాశాం: "ఈ వేదిక మీద నాయకులు లేరు. పాట ఒక్కటే ఉంది."

వెళ్తూ వెళ్తూ నా వైపు వేలు చూపించి మరీ చెప్పాడు. "పాపా, ఒక్క తలకాయ కూడా ఉండకూడదు. ఫోన్లో వీడియో పెట్టి అందరికీ మాటిచ్చినా. నాయకుడి మొహం కనపడిందా, గిటారు సంచిలో పెట్టుకుని అట్లే ఎనక్కి పోతా. మా అమ్మ వస్తాంది నందికొట్కూరు నుంచి. ఇన్నేండ్లలో నేను స్టేజి మీద పాడింది ఆయమ్మ ఒక్కసారి చూడలా. ఆయమ్మ ముందర నా మాట పోగూడదు." నేను తలూపాను. తలూపడంలో నన్ను మించినవాళ్ళు కర్నూలు జిల్లాలో లేరు.

ఆదివారం పొద్దున ఫ్లెక్సీని మిషనుకు పంపాను. ఫ్లెక్సీలు కట్టే అన్న వచ్చి చుట్ట చుట్టి తీసుకెళ్ళిపోయాడు. మధ్యాహ్నం నేను క్యారియర్ విప్పి పెరుగన్నం కలుపుకుంటుంటే, చాచా తన ఫోను నా ముందు పెట్టాడు. మైదానంలో కట్టేసిన ఫ్లెక్సీ ఫోటో. "బేటీ, ఇప్పుడు ఫ్లెక్సీ మాదిరి ఉండాది. ఆ అబ్బాయి ఒప్పుకున్యాడా ఏంది?" అన్నాడు మురిపెంగా. చూశాను. పైన ఎనిమిది మంది నాయకులు చేతులు జోడించి నవ్వుతున్నారు. సరిగ్గా వాళ్ళ గడ్డాల కింద, "ఈ వేదిక మీద నాయకులు లేరు."

నా వేలు! ఆ దిక్కుమాలిన వేలు ఎప్పటిలాగే దాని పని అది చేసేసింది. కలిపిన పెరుగన్నం అలాగే ఉండిపోయింది. విషయం చెప్పేసరికి చాచా మొదట పొట్ట పట్టుకుని నవ్వి, తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపి, ఫ్లెక్సీలు కట్టే అన్నకు ఫోన్ చేశాడు. "అరే, పైన తలకాయల మీద తెల్ల కాగితం అంటించెయ్." అవతలి నుంచి కేక నాకు కూడా వినిపించింది. "కాగితమా? తలకాయ మీద కాగితం అంటిస్తే నా తలకాయ ఉంటాదా చాచా? ఈడ మూడో తలకాయ మనుషులు నిలబడి ఫోటోలు దిగుతాండారు. పోయినసారి వాళ్ళ నాయకుడిది ఐదో తలకాయంట. మూడోదయినాడని లడ్లు పంచుతాండారు, నాకూ రెండిచ్చినారు."

చాచా కాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత తేల్చాడు. "తెల్లది అంటిస్తే మూసినట్టు ఉంటాది, గొడవైతాది. వేరే మొహాలు అంటిస్తే మార్చినట్టు ఉంటాది. నాయకులు మారేది జనానికి అలవాటే, ఎవురూ అడగరు. ఎనిమిది మొహాలు ఎయ్యి బేటీ, తొందరగా." ఎవరి మొహాలు వేయాలి? నా దగ్గరున్నవి పిడుగన్న పెన్‌డ్రైవ్ ఫోటోలే. ఆలోచించే తీరిక లేదు. ఒక్కో నాయకుడి గుండ్రంలో ఒక్కో పిడుగన్నను ఇరికించాను. పెద్దాయన చోట అరుస్తున్న పిడుగన్న, రెండో చోట కళ్ళు మూసుకున్న పిడుగన్న, మూడో చోట ఉత్త జుట్టు. పొడవాటి పట్టీలా అచ్చు వేసి, తడి ఆరీ ఆరకుండానే చుట్టుకుని షేర్ ఆటో ఎక్కాను.

ఆటోలో ఆ చుట్ట ఒక కొస నా ఒళ్ళోనూ, ఇంకో కొస పక్కావిడ భుజం మీదా ఉంది. "ఏందమ్మా ఇది, చాపనా?" అంది ఆవిడ. అవునన్నాను. మైదానం కనిపించింది. వేదిక కనిపించింది. ఇక్కడ దిగేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అలవాటుగా అందరి మొహాలూ చూశాను. ఒక్కరూ కదల్లేదు. మైదానం గోడ వెనక్కి జారిపోతోంది. నందికొట్కూరు నుంచి వస్తున్న ఆ తల్లి గుర్తొచ్చింది. "ఆపండీ!" అన్నాను. ఆటో ఎంత గట్టిగా ఆగిందంటే ముందు సీటాయన తల కమ్మీకి తగిలింది. "మెల్లగ చెప్పొచ్చు గదమ్మా!" అన్నాడు డ్రైవరు. మెల్లగా చెప్పీ చెప్పీ ఎంత దూరం నడిచానో ఆయనకేం తెలుసు?

లడ్లు పంచినవాళ్ళు ఫోటోలు దిగడంతో పని అయిపోయి వెళ్ళిపోయారు. ఫ్లెక్సీలు కట్టే అన్న నిచ్చెనెక్కి పట్టీని ఎడమ నుంచి అంటించుకుంటూ వచ్చాడు. కింద నుంచి నేను పట్టుకున్నాను. ఐదు తలకాయలు అయ్యాయి, మూడు మిగిలాయి. సరిగ్గా అప్పుడు గేటు దగ్గర పిడుగన్న దిగాడు, వెనకే చేతిసంచితో వాళ్ళమ్మ. ఆయన తలెత్తి చూశాడు. ఐదుగురు పిడుగన్నలు, ముగ్గురు నాయకులు.

"ఎవురిది ఈ పని? ఎంత తిన్యారు? ఎవురు పంపినారు?" గిటారు సంచి భుజానికి వేసుకుంటూనే మొదలుపెట్టాడు. పార్టీలు, కంపెనీలు, నోటీసులు, వైరు లేని గిటార్లు, మూడు రోజులు విన్నదంతా మొదటి నుంచీ మళ్ళీ వస్తోంది. "నేను ఎక్కను! అమ్మా, పద పోదాం!" వాళ్ళమ్మ పాపం అప్పుడే కుర్చీ వెతుక్కుని కూర్చుంది. పైన నిచ్చెన మీద అన్న చేతులు నొప్పులని మూలుగుతున్నాడు. పట్టీ జారుతోంది. నాలో ఏం తెగిందో తెలియదు.

"ఒక్క నిమిషం నోరు మూసుకో అన్నా!" అన్నాను (అంతవరకూ ఆయన్ను మీరు అనేదాన్ని). "తప్పు నాది. నా వేలిది. ఎవరూ పంపలేదు. ఇంకా మూడు తలకాయలే ఉన్నాయి. ఉపన్యాసం తర్వాత, ముందు ఈ కొస పట్టుకో!"

పిడుగన్న వాళ్ళమ్మ వైపు తిరిగాడు. వాళ్ళమ్మ కుర్చీలోంచే అంది: "పట్టుకో రా అబ్బీ, ఆ పాప చెప్తాంది గదా. పోయేదానికా నన్ను ఇంత దూరం పిల్చుకొచ్చినావు?" గిటారు కింద పెట్టి కొస పట్టుకున్నాడు. మూడు తలకాయలూ మూసుకుపోయాయి.

తర్వాత నాలుగడుగులు వెనక్కి వేసి, నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు పైకి చూశాడు. మధ్యలో నిలువెత్తు పిడుగన్న, పైన ఎనిమిది చిన్న పిడుగన్నలు, వాళ్ళ కింద "ఈ వేదిక మీద నాయకులు లేరు." ఇప్పుడు అర్థమవుతుంది, ఇప్పుడు అరుస్తాడు అని నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ఆయన నా దగ్గరికి వచ్చి, గొంతు బాగా తగ్గించి అన్నాడు: "పాపా, ఆ నాలుగోది బాగొచ్చింది గదా. దాన్ని పెద్దాయన జాగాలో పెట్టింటే పెద్దగా కనపడేది."

మూడు రోజులు నేను భయపడింది ఈయనకా! నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, మధ్యాహ్నం వదిలేసిన పెరుగన్నం గుర్తొచ్చింది.

సాయంత్రం జనం బాగానే వచ్చారు. సగం మంది ఎవరో కొత్త నాయకుడి పుట్టినరోజనుకుని వచ్చినట్టున్నారు. "ఈ పిలగాడు ఏ పార్టీ అప్పా?" అని ఒకాయన అడిగితే, షాపు మూసేసి వచ్చిన చాచా తొణక్కుండా "ఎనిమిది మంది ఉండారు గదా, ఏదో ఒకటి ఉంటాది," అన్నాడు. పిడుగన్న మైకు పట్టుకుని, తన మొహాలు తొమ్మిదింటి ముందు నిలబడి, నాయకులకు మొహాల పిచ్చి ఎక్కువైందని పావుగంట మాట్లాడాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత ఆ నోటీసు పాట, వాళ్ళమ్మ మీద రాసింది, పాడాడు. పాట చాలా బాగుంది. నిజం చెప్పాలంటే ఆయన చెప్పినవాటిలో ఎక్కువ భాగం నిజమే, పాట విన్నాక అది ఒప్పుకోక తప్పలేదు. వాళ్ళమ్మ పాట అయ్యేదాకా చేతిసంచిని ఒళ్ళో గట్టిగా పట్టుకుని కదలకుండా కూర్చుంది.

ఇప్పుడు నేను కడపలో ఒక కాలేజీ లైబ్రరీలో పని చేస్తున్నాను (మాట్లాడకూడదని గోడ మీద రాసి ఉండే చోటు నాకు బాగా నచ్చింది). సెలవులకు కల్లూరు వెళ్తే, మిద్దె మీద మా అమ్మ ఆ పట్టీ పరిచి మిరపకాయలు ఎండబెట్టి ఉంటుంది. ఆ రోజు కార్యక్రమం అయ్యాక దాన్ని చించి పారేయబోతుంటే ఇంటికి తెచ్చేసుకున్నాను. ఎండకు పిడుగన్నలందరూ వెలిసిపోయారు, నాలుగోది మాత్రం ఇంకా కొంచెం గుర్తుపట్టేలా ఉంది. "ఎవురే ఈ పిల్లగాడు, ఇన్నిసార్లుండాడు?" అని అమ్మ ఏటా అడుగుతుంది. ఏటా చెప్తాను. ఏటా మర్చిపోతుంది.

మొన్న ఆ నాటి డైరీ తీసి చూశాను. ఆయన అభిప్రాయాల మీద నా అభిప్రాయాలు మూడు రోజులకు పదకొండు పేజీలున్నాయి, చక్కటి దస్తూరిలో. ఆ ఆదివారం పేజీలో మాత్రం ఒక్కటే లైను. "ఈ రోజు ఆటో ఆపాను." కింద పేజీ అంతా ఖాళీ. చాలాసేపు అలా చూస్తూ నవ్వుకున్నాను. ఇంకో నాలుగు లైన్లు రాసి ఉండాల్సింది పిచ్చిపిల్ల. ఇప్పటికీ కొన్ని రోజులు గొంతు సరిగా పెగలక, ఒక వీధి అవతల దిగి, వెనక్కి నడిచి వస్తూనే ఉంటాను.