నలభై గజాలు, మూడు లెక్కలు

దుబాయ్ అవతల ఫుజైరాలో, రాతి క్వారీ క్యాంపులో మా గదిలో ఒక పరుగుపిచ్చోడు ఉండేవాడు. జగిత్యాల వైపు వాడు, క్రషర్ దగ్గర హెల్పర్. దుబాయ్‌లో అమెరికన్ ఫుట్‌బాల్‌కి సెలక్షన్లున్నాయని, నలభై గజాలు ఎంత వేగంగా పరుగెత్తుతాడో చూసి తీసుకుంటారని ఫోన్‌లో చూశాడు. ఆ బంతి గుండ్రంగా ఉండదని కూడా వాడికి తెలియదు. నాకేదో తెలుసనుకోకండి, ఏడో తరగతిలోనే బడికి ఖలాస్ చెప్పినవాణ్ణి.

వాడి ఒప్పందం అయిపోవస్తోంది. మళ్ళీ సంతకం పెట్టకుండా ఆ దుమ్ములోంచి బయటపడాలి. కావలసింది అంతే.

సెలవు రోజున లారీల దారిలో గజాలు కొలిచి పరుగెత్తించేవాళ్ళం. మా దగ్గర ముదీర్, అంటే మేనేజరు, "యల్లా", కదలండి, అననిదే ఎవరూ కాలు కదపరు. పరుగుకీ అదే పద్ధతి. ఒకడు యల్లా అంటాడు. ఇంకొకడు వీడు కదిలాక ఫోన్‌లో గడియారం నొక్కి, గీత దాటకముందే మళ్ళీ నొక్కుతాడు.

"అన్నా, గీ టైంకు అమెరికోళ్ళు ఇమానం పంపుతరు."

"పంపుతరు రా. కిటికీ సీటు నాకియ్యి."

సెలక్షన్ల రోజున నేనూ వాడి వెంట వెళ్ళాను. దుబాయ్ మైదానంలో రెండు చివరలా రెండేసి స్తంభాలు పెట్టారు. వాటి మధ్య కనిపించని కిరణం. మనిషి కదిలితే గడియారం మొదలు, అవతల దాటితే బంద్. వీడు చెయ్యి నేలకానించి వంగాడు. వంగి అలాగే ఉండిపోయాడు.

"ఏందిరా, నిద్రవట్టిందా?" అని అరిచాను.

"ఎవలూ యల్లా అంటలేరన్నా!"

"అనరంట. నీ ఇష్టం."

"నా ఇష్టమేందన్నా?"

చివరికి పరుగెత్తాడు. బోర్డు మీద పడిన అంకె మా ఫోన్ల అంకెకి దరిదాపుల్లో లేదు. మిషన్ ఖరాబైందన్నాడు. అక్కడ సెలక్షన్లు చూస్తున్న కోచ్ మంచివాడు. అమెరికాలో పెద్ద సెలక్షన్లలో మొదలు వేలితో నొక్కుతారట, ముగింపు మిషన్ చూస్తుందట. అలాగే ఇంకోసారి తీశాడు. కాస్త తగ్గింది. చాలినంత తగ్గలేదు.

"అన్నా, మన ఫోన్‌తోటి తియ్యే."

తీశాను. బ్రహ్మాండంగా వచ్చింది. కోచ్ ఫోన్ తీసుకుని తెర చూసి, నవ్వకుండా ఫోన్ నా చేతిలో పెట్టాడు. నవ్వినా బాగుండేది, నేను కూడా ఒక జోకు వేసేవాణ్ణి.

తర్వాతి సెలవు రోజున పరుగుకి నిద్ర లేపితే గోడవైపు తిరిగాడు.

"ఇడ్వన్నా. కాళ్ళు గవే, మిషన్ సక్కగనే ఉండె."

ఆ నెలలోనే ఆఫీసువాళ్ళు పిలిచారు. వెళ్ళి, ఇంకో రెండేళ్ళకి సంతకం పెట్టి, అక్కడినుంచి నేరుగా క్రషర్ దగ్గరికి పోయాడు.